గుర్రప్పిల్లకు నడక నేర్పినవాళ్ళు

సయ్కాల్ గీసిన గుర్రాలు బిష్కెక్‌లో చాలా ఇళ్ళలో ఉంటాయి. గోడ క్యాలెండర్ల మీద, టీ పొట్లాల మీద, పిల్లల నోటుపుస్తకాల అట్టల మీద. సయ్కాల్ మాత్రం ఎవరింట్లోనూ కనిపించదు. మా భవనంలోనే, సరిగ్గా మా ఇంటి పై వాటాలో, తల్లి బాత్మాతో కలిసి ఉంటుంది. తల్లి మెట్ల మీద కనిపించిన ప్రతివాళ్ళతోనూ మాట్లాడుతుంది. కూతురు ఎదురుపడితే గోడవైపు ఒదిగి దారి ఇస్తుంది.

నేను ఒకప్పుడు రేడియోలో పిల్లల కథలు రాసేదాన్ని. ఆ కొలువు పోయాక ఎవరు అడిగితే వాళ్ళకు రాసిపెడుతూ బతుకుతున్నాను. సయ్కాల్‌దీ అలాంటి బతుకే కాబట్టి ఒకరి కష్టం ఒకరికి తెలుసు. వయసులో పెద్దదాన్ని గనక నన్ను బుబు ఎజే, అంటే బుబు అక్క, అంటుంది. ఉప్పు కోసమో, కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి కోసమో కిందికి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఒక పియాలా టీ చేతిలో పెట్టి కూర్చోబెట్టేదాన్ని. తను ఎందుకిలా తలుపులు బిగించుకుందో నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది అలాగే.

నరీన్ కొండల నుంచి తల్లితో కలిసి చదువుకోసం వచ్చిన పిల్ల, చదువయ్యాక ఒక అచ్చుపని సంస్థలో చేరింది. అక్కడ కొన్నేళ్ళు బొమ్మలు గీసింది. ఆమె ఒక చలికాలమంతా కూర్చుని గీసిన గుర్రాల పుస్తకం బయటికి వచ్చేసరికి అట్ట మీద యజమాని బావమరిది పేరు ఉంది. అడిగితే, "జీతం తీసుకున్నావు కదమ్మా, ఇంకా పేరు కూడా కావాలా?" అన్నాడట యజమాని. సయ్కాల్ తన కుంచెలు సంచిలో వేసుకుని వచ్చేసింది.

అంతటితో అయిపోలేదు. మరుసటి ఏడు ఒక పాల ప్రకటన టీవీలో వచ్చింది. అందులో ఒక గుర్రం పచ్చిక మీద పరుగెడుతుంది. ఆ మెడ వంపు, జూలు రెండు పాయలుగా చీలడం, అన్నీ సయ్కాల్‌వే. ఎవరు చేశారని ఆరా తీస్తే, బొమ్మల్ని కదిలించే పని చేసే రుషానా అనే తాతారు అమ్మాయి అని తెలిసింది. ఆ రోజు నుంచి రుషానా పేరు వింటే సయ్కాల్ ముఖం గంటు పెట్టుకునేది. సగం గీసిన బొమ్మను ఎవరికీ చూపించేది కాదు. నేను కొవ్వొత్తి ఇవ్వడానికి పైకి వెళ్ళినా బల్ల మీద కాగితాలు బోర్లించేది.

ఊళ్ళో ఇలా సొంతంగా పనిచేసుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. బొమ్మలు గీసేవాళ్ళు, ఫొటోలు తీసేవాళ్ళు, పాటలు కట్టేవాళ్ళు గురువారం మధ్యాహ్నాలు ఓష్ బజారు దగ్గర ఒక దుంగన్ జాతి ఆవిడ లగ్మాన్ నూడుల్స్ కొట్లో చేరేవాళ్ళు. నేనూ వెళ్ళేదాన్ని. ఎవరి దగ్గర ఏ పని ఉంది, ఎవరు డబ్బు ఎగ్గొడతారు, ఎవరితో జాగ్రత్తగా ఉండాలి, అన్నీ అక్కడే తెలిసేవి.

"రావే ఒకసారి, నూడుల్స్ అయినా తిందువు గాని," అన్నాను ఓసారి సయ్కాల్‌తో.

"నూడుల్స్ మా అపా కూడా చేస్తుంది ఎజే," అంది సయ్కాల్. అపా అంటే వాళ్ళమ్మ. ఇంక నేను అడగలేదు.

ఒక శరత్కాలంలో ఇస్సిక్‌కుల్ సరస్సు ఒడ్డున ఉన్న చిన్న పట్నం నుంచి నుర్జమాల్ అనే ఆవిడ సయ్కాల్‌ను వెతుక్కుంటూ వచ్చింది. అక్కడి మ్యూజియం చూసుకునేది ఆవిడే. పిల్లలకోసం ఒక గది కట్టిస్తున్నారట. గోడలనిండా బొమ్మలుండాలి, ఆ బొమ్మలు కదలాలి, చప్పుళ్ళు వినపడాలి, కథంతా మన కిర్గిజ్ మాటల్లో సాగాలి. వేసవిలో మందతో కొండమీదికి వెళ్ళి, తిరుగుదారిలో తప్పిపోయి, తల్లి పిలుపు విని సరస్సు దగ్గరికి చేరుకున్న గుర్రప్పిల్ల కథ.

"నీ క్యాలెండర్ మా ఆఫీసులో మూడేళ్ళుగా మారలేదమ్మా. ఏడాది అయిపోయినా తియ్యబుద్ధి కాలేదు. ఈ గది నువ్వే చెయ్యాలి," అంది నుర్జమాల్. "నీతో ఎంతమంది పనిచేస్తారు?"

"నేనొక్కదాన్నే," అంది సయ్కాల్.

ఆవిడ వెళ్ళాక నేను మెల్లగా కదిపాను. బొమ్మ కదిలించడం వేరే విద్య, చప్పుడు పట్టడం ఇంకో విద్య, నలుగురిని కలుపుకోమన్నాను.

"నలుగురిని కలుపుకుంటే అయిదో పేరు అట్ట మీద పడుతుంది ఎజే. నేర్చుకుంటాను. ఎంతసేపు?"

ఆ మంచు నెలలన్నీ పై వాటాలో జరిగిన యుద్ధం నాకు కింద నుంచి వినపడుతూనే ఉంది. కంప్యూటర్‌లో పాఠాలు చూసి బొమ్మలు కదిలించడం నేర్చుకుంది. చప్పుళ్ళు పట్టడానికి బల్ల మీద దుప్పటి కప్పి, దాని కింద దూరి, చెక్క గిన్నెలతో గిట్టల చప్పుడు చేసేది. సరిగ్గా అప్పుడే బాత్మా అపా వంటింట్లో మాంసం కొట్టడం మొదలుపెట్టేది.

"అపా, కాసేపు కొట్టకు."

"నేను కొట్టకపోతే నువ్వు రాత్రికి ఏం తింటావే, దుప్పటా?"

చివరికి ఎలాగో ఒక ముక్క తయారు చేసింది. నుర్జమాల్ ఆ ఊరి బడి నుంచి ఒక తరగతి పిల్లల్ని పిలిపించి గోడ మీద వేయించింది. నేనూ సయ్కాల్‌కు తోడుగా వెళ్ళాను. బొమ్మ పడగానే పిల్లలు ఆహా అన్నారు. కొండ, మంచు, జూలు, అన్నీ అంత బాగున్నాయి. తర్వాత గుర్రప్పిల్ల కదిలింది. నాలుగు కాళ్ళూ ఒకేసారి లేచాయి. ముందు వరసలో ఒక అమ్మాయి వెనక్కి తిరిగి వాళ్ళ టీచరమ్మను అడిగింది: "ఇది కుందేలా?"

తరగతంతా నవ్వింది. పిల్లి తప్పిపోయి ఏడ్చినట్టున్న సకిలింపు వచ్చినప్పుడు ఇంకా నవ్వారు.

పిల్లలు వెళ్ళాక నుర్జమాల్ టీ పోసింది. "నీ గుర్రం నిలబడితే ప్రాణమున్నట్టే ఉంది సయ్కాల్. కదిలితేనే..." అని ఆగింది. "వేసవిదాకా ఆగుతాను. ఒక్కదానివే రాకు. ఎవరినైనా తీసుకురా." తిరుగు దారిలో మార్షుత్కా వ్యానులో సయ్కాల్ కిటికీ అద్దానికి తల ఆనించి కూర్చుంది.

కథ తిరిగింది బాత్మా అపా వల్లే. అదీ ఆవిడ అనుకుని చేసింది కాదు. ఆవిడకు నెలకోసారి షెరినే ఉంటుంది. ఒకప్పుడు బట్టల మిల్లులో కలిసి పనిచేసిన ఆడవాళ్ళు వంతులవారీగా ఒకరింట్లో చేరి, తిని, ఒకరి గోడు ఒకరు వినే విందు అది. కబుర్ల మధ్య ఈవిడ, "మా పిల్ల దుప్పటి కప్పుకుని గుర్రంలా సకిలిస్తోందే, పెళ్ళి చేస్తే తగ్గుతుందంటారా?" అని అడిగింది. అందరూ పడీ పడీ నవ్వారు. వాళ్ళలో ఒకావిడ మాత్రం, "మా అక్క కొడుకూ అంతేనే. బొచ్చు తొడిగిన మైకు పట్టుకుని గొర్రెల వెంట తిరుగుతాడు," అంది.

ఆ వారమే ఆ అక్క కొడుకు, కుబాత్, వచ్చి వాళ్ళ తలుపు తట్టాడు. నలభై దాటిన మనిషి. పెళ్ళిళ్ళకు సౌండు పెట్టి బతుకుతాడు. పెళ్ళిళ్ళు లేనప్పుడు కొండలెక్కి ఏటి హోరు, గాలి, మందల చప్పుడు రికార్డు చేసుకుంటాడు. బాత్మా అపా వచ్చినవాడిని కదలనివ్వకుండా నాన్, మీగడ ముందు పెట్టి, నన్ను కూడా పైకి పిలిచింది. సయ్కాల్ గది తలుపు వేసుకుని లోపలే ఉంది.

"బొమ్మ చూపిస్తావా చెల్లీ?" అన్నాడు కుబాత్ తలుపు బయట నుంచే.

"ఇంకా పూర్తి కాలేదు బైకే." బైకే అంటే అన్న.

"పూర్తయ్యాక ఇంక నాకేం పనుంటుంది?"

కుబాత్ తొందరపడలేదు. సంచిలో నుంచి చిన్న పెట్టె తీసి ఏదో నొక్కాడు. ముందు గాలి వినపడింది. తర్వాత తడి నేల మీద గిట్టలు. తర్వాత ఒక ఆడగుర్రం, గొంతు పెద్దది చెయ్యకుండా, ముక్కులోంచి వణుకుతున్నట్టు, పిల్లను పిలిచింది. తలుపు తెరుచుకుంది. సయ్కాల్ చేతిలో కుంచె అలాగే ఉంది.

"ఇది ఎక్కడిది?"

"కోచ్కోర్‌లో మా చిన్నాన్న వాళ్ళ గుర్రం. పిల్ల పక్కకి పోయిందని పిలుస్తోంది."

సయ్కాల్ పక్కకు జరిగి దారి ఇచ్చింది. కుబాత్ లోపలికి వెళ్ళాడు. బల్ల మీద కాగితాలు తిరగబడి లేవు. ఆ గదిలో పూర్తికాని బొమ్మ చూసిన మొదటి బయటి మనిషి అతనే.

కదిలించే మనిషి మాట వచ్చేసరికి మళ్ళీ చిక్కుపడింది. "ఊళ్ళో నాకు తెలిసి ఈ పని చేయగలిగింది ఒక్కతే ఉంది. రుషానా," అన్నాడు కుబాత్.

"ఆవిడ తప్ప ఇంకెవరైనా సరే."

"ఇంకెవరూ లేరు కాబట్టే చెప్తున్నా."

"అయితే బొమ్మ నిలబడే ఉంటుంది బైకే."

కుబాత్ నావైపు చూశాడు. నేను రుషానాను గురువారాలు చూస్తూనే ఉన్నాను. కాస్త నోరు ఎక్కువే గానీ, ఎవరి పనీ దొంగిలించే మనిషిలా నాకు అనిపించలేదు. "తిట్టడానికైనా ఒకసారి ఎదురుగా తిట్టవే. ఇన్నేళ్ళుగా నా వంటింట్లోనే తిడుతున్నావు," అన్నాను. ఆ మాటకు సయ్కాల్ గురువారం ఆ కొట్టుకు వచ్చింది. కారంలో తేలే లగ్మాన్ గిన్నె ముందు, రుషానాకు ఎదురుగా కూర్చుని, టీ కూడా తాగకుండా అడిగేసింది.

"పాల ప్రకటనలో గుర్రం నాది. మెడ నాది, జూలు నాది. నీకు తెలుసా?"

రుషానా చెంచా కింద పెట్టింది. "నీదా అది?" అంది. "నాకిచ్చినప్పుడు యజమాని బావమరిది గీశాడన్నారు. అంత చెయ్యి ఉన్నవాడు అంత మొద్దు ప్రశ్నలు ఎలా అడుగుతున్నాడా అనుకున్నా. కాళ్ళ గురించి ఏదడిగినా 'నీ ఇష్టం' అనేవాడు."

"ఒక్కసారైనా ఆరా తియ్యలేదే?"

"తియ్యలేదు. తియ్యాల్సింది." గిన్నె పక్కకు జరిపి మళ్ళీ అంది. "ఆ ప్రకటనకి బహుమతి వచ్చింది, విన్నావా? స్టేజీ మీదికి కూడా ఆ బావమరిదే వెళ్ళాడు. నేను హాల్లో వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టా."

సయ్కాల్ గిన్నె దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టింది. తింటూ తింటూనే మాటలు కుదిరాయి. రుషానా ఒకే ఒక షరతు పెట్టింది: గది గోడ మీద నలుగురి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి. నలుగురెవరని నేను లెక్క చూసుకుంటుంటే, "కథ ఎవరు రాస్తారు మరి, మీరు కాక?" అంది నాతో. అలా నేనూ ఇరుక్కున్నాను.

పని మొదలయ్యాక సయ్కాల్ ఇల్లు సంత అయింది. మొదటి గొడవ కాళ్ళ దగ్గరే వచ్చింది.

"నీ గుర్రప్పిల్ల బరువు ఏ కాలి మీద ఉందో నాకు తెలియడం లేదు," అంది రుషానా. "ముందు కాలు లేపాలంటే బరువు ఎక్కడికో పోవాలి కదా. ఎక్కడికి పోతుంది?"

"నేను గుర్రాల మధ్య పుట్టినదాన్ని. బిష్కెక్‌లో ట్రాలీబస్సులు చూస్తూ పెరిగినదానివి నువ్వా నాకు చెప్పేది?"

"పుట్టావు సరే. చూశావా?"

బాత్మా అపా వంటింట్లోంచి, "అది పుట్టినప్పుడు మాత్రం గుర్రాలేవీ లేవమ్మా, నేనే ఉన్నాను," అంది. ఎవరూ నవ్వలేదు. సయ్కాల్ రెండు రోజులు తలుపు తియ్యలేదు. మూడో రోజు కుబాత్ ఫోను చేశాడు. కోచ్కోర్‌లో చిన్నాన్న గుర్రాలు ఈనే సమయం వచ్చిందట. గొడవ ఆపి అందర్నీ బండెక్కమన్నాడు.

మేం చేరేసరికి మంచు కరిగి నేలంతా బురద. కంచె పక్కన ఒక గోధుమరంగు గుర్రం అప్పుడే ఈనింది. తడిపిల్ల నేల మీద కాళ్ళన్నీ కలగాపులగంగా పడుకుని ఉంది. కుబాత్ మమ్మల్ని నోరు మూసుకోమని సైగ చేసి మైకు పట్టుకుని కంచె అంచున కూర్చున్నాడు. రుషానా బురదలోనే మోకాళ్ళ మీద కూర్చుని ఫోనులో తీస్తోంది. పిల్ల లేవబోయింది. వెనక కాళ్ళు పక్కలకు జారిపోయాయి. మళ్ళీ లేచింది, ఈసారి మెడను కిందికి వాల్చి, బరువంతా ముందుకు తోసి, వెనక భాగాన్ని గాల్లోకి ఎత్తింది. ఒక్క క్షణం అలా తూగింది. తర్వాత ముందు కాలు ఒకటి జరిపింది, పడలేదు.

సయ్కాల్ చేయి ఆగకుండా కాగితం మీద కదులుతోంది. గీసి, గీసి, ఒకచోట ఆగింది. తర్వాత, ఎవరూ అడగకుండానే, ఆ కాగితం తీసి రుషానా ఒళ్ళో పెట్టింది. "ఇక్కడ మెడ దించింది కదా. బరువు మెడ మోస్తోంది. నేనెప్పుడూ మెడ పైకే గీశా."

రుషానా పెన్సిల్ తీసుకుంది. ఆ గీతల మీదే ఇంకో గీత గీసింది, వెనక కాలును కాస్త లోపలికి తోసింది. నేను సయ్కాల్ ముఖాన్నే చూస్తున్నాను. తన గీత మీద ఇంకొకరి గీత పడుతుంటే పళ్ళు బిగించుకుంది. కాగితం మాత్రం లాక్కోలేదు. కాసేపటికి వంగి, "ఇంకొంచెం," అంది.

ఆ తర్వాత పని పరుగెత్తిందని చెప్పను. తగువులు పడ్డాం. నేను రాసిన కథలో నాకు బాగా నచ్చిన పేజీని ముగ్గురూ కలిసి కొట్టేశారు. "గుర్రం పిలుస్తుంటే మీరు కూడా మాట్లాడతారేంటి ఎజే," అన్నాడు కుబాత్. నాకు కోపం వచ్చింది. ఇంటికి వచ్చి ఆ శబ్దాన్ని ఒంటరిగా విన్నాక తెలిసింది, నిజమే, నా మాటలు అక్కడ అడ్డమే. మధ్యలో రుషానాకు అల్మాటీలో పెద్ద పని దొరికింది. వదిలేసి పోతుందేమోనని సయ్కాల్ లోలోపల గుబులుపడింది గానీ పైకి ఏమీ అనలేదు. రుషానా వారానికి రెండు రోజులు వచ్చి వెళ్ళేది. రాలేని వారం, లగ్మాన్ కొట్లో మాకు పరిచయమైన ఒక కుర్రాణ్ణి పంపి, అతని పని తనే ఫోనులో సరిచూసేది.

జూన్‌లో గది తెరిచారు. సరస్సు మీంచి చల్లగాలి వస్తోంది, వాకిట్లో నూనెలో వేయించిన పిండి బోర్సోక్‌లు గుట్టలుగా పోసి పెట్టారు. బాత్మా అపా తన షెరినే ఆడవాళ్ళందరినీ బస్సులో వేసుకుని వచ్చింది. మొదటి విడత పిల్లలు లోపలికి వెళ్ళారు, వాళ్ళ వెనక మేం నలుగురం గోడకు అంటుకుని నిలబడ్డాం.

గోడ మీద కొండ, మంచు. గుర్రప్పిల్ల లేవబోయి జారింది. ఒక పిల్లవాడు గట్టిగా ఊపిరి పీల్చడం వినపడింది. మళ్ళీ లేచింది, మెడ వాల్చింది, తూగింది, ఒక కాలు జరిపింది. చీకట్లో ఎక్కడి నుంచో తల్లి పిలిచింది. పిల్లలందరూ ఒకేసారి ఆ చప్పుడు వైపు తలలు తిప్పారు. గుర్రప్పిల్ల గోడ వెంట తమ వైపు నడుస్తూ వస్తుంటే, చివర కూర్చున్న చిన్నపిల్ల ఒకతి లేచి, దానికి దారి ఇస్తున్నట్టు పక్కకు జరిగింది. పక్కవాడి చొక్కా పట్టి వాడినీ జరిపింది.

సయ్కాల్ నా చెయ్యి పట్టుకుంది. అటువైపు రుషానా గడ్డం కింద పిడికిలి పెట్టుకుని గుర్రప్పిల్ల కాళ్ళనే చూస్తోంది. "వెనక ఎడమది ఇంకా తప్పే," అని గొణిగింది. సయ్కాల్ కళ్ళు తుడుచుకుంటూనే, "నాకూ అనిపించింది. రేపు చూద్దాం," అంది.

బయటికి వచ్చాక బాత్మా అపా గోడ మీద పేర్లు చదివి, "నలుగురివీ ఉన్నాయి. సకిలించింది నా కూతురని మాత్రం ఎక్కడా రాయలేదు," అంది తన స్నేహితురాళ్ళతో.

ఆ గదిని చూసినవాళ్ళు ఇంకొకరికి చెప్పారు. నరీన్‌లో ఒక గ్రంథాలయం కుబాత్‌ను పిలిచింది, అతను సయ్కాల్‌ను తీసుకెళ్ళాడు. రుషానా అల్మాటీ నుంచి నాకు ఒక పిల్లల కార్యక్రమం ఇప్పించింది. అన్నీ నిలబడలేదు. ఒక పెద్ద పని మాట్లాడి మాట్లాడి చివరికి చేయి జారింది. అప్పుడు వారంపాటు ఒకరి ముఖాలు ఒకరం చూసుకోలేకపోయాం. కుబాత్ వాళ్ళావిడ, స్థిరమైన కొలువు చూసుకోమని ఇప్పటికీ పోరుతూనే ఉంది. సయ్కాల్‌కు అప్పుడప్పుడూ పాత గుబులు వస్తుంది. అలాంటి రోజుల్లో తలుపు వేసుకుంటుంది. మేం తట్టం. ఒకటి రెండు రోజుల్లో తనే కిందికి వచ్చి, పియాలా తనే తీసుకుని, తడి ఆరని బొమ్మ నా బల్ల మీద పెట్టి ఏం బాగాలేదో చెప్పమంటుంది.

ఇప్పుడు తలాస్ వైపు ఒక ఊరి బడికి మేక కథ చేస్తున్నాం. కొండచరియ మీద ఎక్కకూడని చోట ఎక్కి దిగలేక అరిచే మొండి మేక. నిన్న పొద్దున సయ్కాల్, కుబాత్ ఆ ఊరికి బయలుదేరారు. రుషానా సరాసరి అల్మాటీ నుంచి అక్కడికే వస్తానంది. మధ్యాహ్నానికి ఫోను మోగింది. తీస్తే సయ్కాల్ గొంతు, వెనక గాలి, మేకల అరుపులు, ఎవరో పగలబడి నవ్వడం.

"ఎజే, మీరు కథలో నల్లమేక అని రాశారు కదా. ఇక్కడ ఒకటుంది, తెల్లది, రుషానా కండువా నమిలేస్తోంది. దీన్ని పెట్టుకుందామా?"

"పెట్టుకోండి," అన్నాను, కాగితం దగ్గరికి లాక్కుంటూ. "ఆ కండువా ఏ రంగో చెప్పు."